బూడిద కింద చెప్పులు

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో క్రేటర్ లేక్ అనే సరస్సు గట్టున నిలబడితే ఆ నీలం చూసి కాసేపు మాట రాలేదు. అక్కడి ఆదివాసులైన క్లామత్ ప్రజల కథలో పాతాళానికి రాజైన లావో, పైలోకపు స్కెల్ నిప్పులు రువ్వుకుంటారు. లావో ఓడాక కొండే కుప్పకూలుతుంది. పిల్లల్ని పడుకోబెట్టే కథే అనుకున్నాను.

ఈ సరస్సున్న చోట ఉండిన మజామా అగ్నిపర్వతం నిజంగానే పేలి కూలింది, సుమారు 7,700 ఏళ్ల కిందట; ఆ గుంటలోనే ఈ సరస్సు ఏర్పడింది. అప్పటికే అక్కడ మనుషులున్నారా? ఉన్నారు. 1938లో పురావస్తు పరిశోధకుడు లూథర్ క్రెస్‌మన్ ఒరెగాన్‌లోనే ఉన్న ఫోర్ట్ రాక్ గుహలో ఆ పేలుడు బూడిద పొర కిందే డజన్ల కొద్దీ చెప్పులు తవ్వి తీశారు.

యూజీన్ మ్యూజియంలో ఒకటి చూశాను. సేజ్‌బ్రష్ అనే పొద బెరడు నారతో దగ్గరగా అల్లిన అట్ట, వేళ్ల మీదికి చిన్న మడత. అద్దానికి ఇవతల మా అమ్మాయి తన చెప్పు విప్పి కొలత చూసుకుంది. కాపలా ఆయన చూసీ చూడనట్టు ఊరుకున్నారు.