సర్ఫ్ గ్రీన్ మోజుకి అయిన ఖర్చు

జూన్ 8
పాత ఎలక్ట్రిక్ గిటార్లు రెండు కొన్నాను. రెండూ స్క్వైర్ స్ట్రాట్‌లే, అంటే ఫెండర్ కంపెనీ చవక బ్రాండులో వచ్చే స్ట్రాటోకాస్టర్ మోడల్. సన్‌బరస్ట్‌ది 11,000, నల్లది 13,000. బాగుచేసి అమ్మి, మిగిలిన డబ్బు కొత్త ఆంప్‌కి, అంటే గిటార్ శబ్దం పెంచే పెట్టెకి, దాచాలని ఆలోచన. సన్‌బరస్ట్ అంటే అంచుల్లో నలుపు, మధ్యలో తేనె రంగు. ఎక్కడ చూసినా అదే కాబట్టి దానికి సర్ఫ్ గ్రీన్ అనే లేత ఆకుపచ్చ వేస్తే ఎగబడి కొంటారని నా నమ్మకం. నల్లదాని వెనక బెల్టు బకిల్ గీతలు బాగా ఉన్నాయి. దాని సంగతి తర్వాత.

జూన్ 15, 16
పాత రంగు తీయడానికే రెండు రోజులు పట్టింది. ఫ్యాక్టరీలో వేసిన పాలియెస్టర్ పూత రిమూవర్‌కి లొంగలేదు. హీట్ గన్‌తో వేడిచేసి పుట్టీ బ్లేడుతో తోస్తే పెంకులు పెంకులుగా లేచింది. కిటికీలన్నీ తెరిచి, మాస్కు పెట్టుకున్నా సాయంత్రానికి తలనొప్పి.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. 120 నంబరు గరుకు కాగితంతో రుద్దుతుంటే చెక్క మీది అందమైన గీతలు ఒక మూల ఉన్నట్టుండి మాయమయ్యాయి. కింద అతుకులు బయటపడ్డాయి. లెక్కపెడితే ఐదు ముక్కలు. పైన కనిపించిందంతా కాగితమంత పల్చటి వెనీర్, పైన అతికించిన చెక్క పొర! దాన్ని నేనే అరగదీశాను. ఇక మనసు మారినా చెక్క కనిపించే పారదర్శక రంగు వేసే దారి మూసుకుపోయింది. అతుకుల్ని దాచే గట్టి రంగే గతి. చవక గిటార్లు నలుపు, తెలుపు, ఎరుపుల్లో ఎందుకన్ని వస్తాయో చేతులు కాలాక అర్థమైంది.

జూలై 6
మా వీధి చివర కార్ల పెయింటింగ్ షెడ్డుకి తీసుకెళ్లాను. అక్కడి అన్న చూసి, "ఈ వానల్ల డ్యూకో వద్దన్నా, తెల్లగ మబ్బు పట్టినట్టు అయితది. ఎండ కొట్టినంక చేద్దాం" అన్నాడు. నేను వినలేదు. ఆయన చెప్పినట్టే జరిగింది. థిన్నర్ ఆరే వేగానికి పైపొర చల్లబడి గాలిలోని తేమను పట్టేసింది. ఆకుపచ్చ మీద పాలు ఒలికినట్టు మచ్చలు. రెండు వారాలు ఆగి, పైపైన రుద్ది మళ్లీ కొట్టించాను. పేపర్లు 350, ప్రైమర్, రంగు, థిన్నర్ కలిపి 1,450, కూలి 1,200. మొత్తం 3,000.

మనం ఇప్పటికీ కార్లకీ బీరువాలకీ "డ్యూకో" అంటామే, అది డ్యూపాంట్ కంపెనీ పెట్టిన పేరు. 1950ల చివర్లో, 60ల్లో కాలిఫోర్నియాలో ఫెండర్ వాళ్లు కస్టమ్ రంగులకు వాడింది కూడా డ్యూపాంట్ కార్ల రంగులే: డ్యూకో, లూసైట్. ఫియెస్టా రెడ్ ఫోర్డ్ థండర్‌బర్డ్ కారుది, లేక్ ప్లాసిడ్ బ్లూ కాడిలాక్‌ది, నా సర్ఫ్ గ్రీన్ షెవర్లేది. అప్పట్లో మామూలు ధర మీద 5 శాతం ఎక్కువ ఇస్తే ఆ రంగు వేసేవారు. ఎక్కువమంది సన్‌బరస్ట్‌తోనే సరిపెట్టుకున్నారు కాబట్టి ఈ రంగులు తక్కువగా మిగిలాయి. ఇవాళ అదే ఏడాది సన్‌బరస్ట్ కంటే వాటికి ధర చాలా ఎక్కువ. కాకపోతే రంగు ఫ్యాక్టరీలో పడి ఉండాలి. తర్వాత ఎవరైనా మళ్లీ పెయింట్ వేశారా, విలువ సుమారు సగానికి పడుతుందని పాత గిటార్లు కొనేవాళ్ల మోటు లెక్క. ఈ చివరి సంగతి నేను ముందు చదవలేదు. ఫొటోలే చూశాను.

ఆగస్టు 24
ఆకుపచ్చది అమ్మకానికి పెట్టి మూడు వారాలు. ఫోన్ చేసిన ప్రతివాడి మొదటి ప్రశ్న: "ఒరిజినల్ పెయింటేనా?" ఒకబ్బాయి ఇంటికొచ్చి, సొంత స్క్రూడ్రైవర్ తీసి నెక్ (తీగలు నొక్కే పొడవాటి మెడ) విప్పాడు. నెక్ కూర్చునే గాడిలో పాత పసుపు, దాని అంచు మీద నా ఆకుపచ్చ, గోరుతో గీస్తే తగిలేంత మెట్టు. "రంగు బాగుంది బ్రో, కానీ కింద ఏం దాచారో నాకెలా తెలుస్తుంది?" అన్నాడు. ఏ పగులూ దాచలేదు. దాచింది నా వెనీర్ ఘనకార్యం ఒక్కటే. అది చెప్పలేక నవ్వి ఊరుకున్నాను.

సెప్టెంబరు 7
ఆకుపచ్చది 9,500కి పోయింది. నికరంగా 4,500 నష్టం, నా ఆదివారాలు కలపకుండా.

సెప్టెంబరు 14
ఈసారి నల్లది. పెయింట్ డబ్బా ఇంట్లోకి రానివ్వలేదు. నలుపు మీద వేలిముద్ర కూడా దాగదు, గుడ్డతో తుడిచిన గీతలూ కనిపిస్తాయి. కానీ పాలియెస్టర్ మందంగా ఉంటుంది కాబట్టి పైగీతలు రుద్దితే పోతాయి. హార్డ్‌వేర్ విప్పి, స్క్రూ రంధ్రాల్లోకి నీళ్లు దిగి చెక్క ఉబ్బకుండా మైనం పెట్టాను. 2000, 3000 వాటర్ పేపర్లు సబ్బు నీళ్లతో, తర్వాత కార్ల రబ్బింగ్ కాంపౌండ్, చివర పాలిష్. అంచుల దగ్గర పూత పల్చగా ఉంటుంది, అక్కడ కాగితం ఆనించలేదు. బకిల్ గీతల్లో లోతైనవి నాలుగైదు మిగిలాయి, వదిలేశాను. కింద అంచున ఊడిన పెచ్చుకి మార్కర్ కూడా పూయలేదు. ఖర్చు 480, కొత్త తీగలు 600.

ఫొటోలు పొద్దున్నే వరండాలో, వెలుతురు పక్క నుంచి పడేలా తీశాను. పెచ్చు ఊడిన చోటికి విడిగా ఒక ఫొటో పెట్టాను. తొమ్మిది రోజుల్లో 15,500కి అమ్ముడుపోయింది. కొన్నాయన ఆ పెచ్చు మీద వేలు పెట్టి చూసుకుని, బేరం కూడా ఆడకుండా డబ్బు పంపాడు. మిగిలింది 1,420. ఆకుపచ్చదాని గుంత పూడటానికి ఇంకా చాలా దూరం.

సెప్టెంబరు 28
పక్క ఫ్లాట్ కుర్రాడు తన శాటిన్ గిటారు, అంటే మెరుపు తక్కువ పూత ఉన్నది, తెచ్చాడు. కుడి ముంజేయి ఆనే చోట మాత్రం అద్దంలా మెరుస్తోంది, పాలిష్ చేసి మిగతాదీ అలా చేయమంటాడు. శాటిన్‌కి కాంపౌండ్ తగిలిస్తే మచ్చలు మచ్చలుగా మెరుస్తుందని చెప్పి, తడిగుడ్డతో తుడిచి వెనక్కి ఇచ్చేశాను. వాడి మొహంలో నిరాశ. జూన్‌లో నన్ను కూడా ఎవరైనా ఇలా ఆపి ఉంటే వినేవాణ్నా అంటే, షెడ్డు అన్న మాటే వినలేదుగా.