జార్జియా క్వెవ్రీ వైన్: అసలు పని నేల కిందే

వైన్ అనగానే ఫ్రాన్స్, ఇటలీ దగ్గరే ఆగిపోయేవాళ్లు ఒక్కసారి జార్జియా దేశంలోని కఖేతీ ప్రాంతం వైపు చూడాలి. అక్కడ సంప్రదాయ వైన్ పులిసేది క్వెవ్రీలో. అంటే మూతి దాకా నేలలో పాతిన పెద్ద మట్టి జాడీ. లోపల పల్చగా తేనెమైనం పూస్తారు. 2013లో ఈ పద్ధతికి యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది.

ర్కత్సితెలీ అనే తెల్ల ద్రాక్షను తొక్కి, రసంతో పాటే తొక్కలు, గింజలు, కాడలు వేస్తారు. కాడలు ముదరాలి, పచ్చివైతే చేదు దిగుతుంది. పులిసేటప్పుడు తొక్కలు పైకి తేలి గట్టిగా పొర కడతాయి. దాన్ని రోజుకు మూడు నాలుగుసార్లు కర్రతో లోపలికి నొక్కాల్సిందే. వదిలేస్తే పొర ఎండి, గాలి తగిలి వెనిగర్ వాసన పట్టేస్తుంది. పొంగు తగ్గాక మూత పెట్టి, బంకమట్టితో అంచులు మూసి, దాదాపు ఆరు నెలలు కదపరు.

నాకు బాగా నచ్చేది ఆ జాడీ ఆకారం. అడుగు మొన తేలి ఉండటంతో గింజలు అక్కడికి జారతాయి, వాటిని మడ్డి కప్పేస్తుంది. అందుకే అన్ని నెలలున్నా చేదు హద్దులోనే ఉంటుంది.

రంగు ముదురు తేనెలా, రుచి వగరుగా ఉంటుంది. మరీ చల్లగా పోస్తే ఆ వగరే నాలుకను పట్టేస్తుంది. 14 డిగ్రీల దగ్గర తాగి చూడండి.