మిర్యాలగూడ బియ్యం, పాలమూరు షాకప్సర్లు

హాలియా దాటి కాస్త ముందుకెళ్ళాక ఒక కల్వర్టు దగ్గర రోడ్డు కొంచెం కుంగి ఉంటుంది. బండి అందులో దిగింది, ఎక్కింది, ఎక్కాక ఊగింది, మళ్ళీ ఊగింది, మూడోసారి కూడా ఊగింది. పక్క సీట్లో చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను నేను, సగం ప్యాంటు మీదే పడింది. మా బామ్మర్ది రోడ్డు మీంచి చూపు తిప్పకుండా "బావా, షాకప్సర్లు మళ్ళీ పోయినయ్" అన్నాడు. బండి ఊపును పట్టి ఆపే ఈ షాక్ అబ్జార్బర్లు పోయాయని నాకూ నెల రోజుల నుంచి తెలుసు, డబ్బులు తీయబుద్ధి కాక తెలియనట్టు తిరుగుతున్నాను, అంతే.

మాది బొలెరో పికప్, 1.7 టన్నులు మోసేది. ఆ రోజు మిర్యాలగూడ మిల్లులో 25 కిలోల బియ్యం బస్తాలు 100 వేసుకుని జడ్చర్లకు బయల్దేరాం, అంటే రెండున్నర టన్నులు. లెక్క మీకు అర్థమయ్యే ఉంటుంది, తిట్టాలనుకుంటే తిట్టండి, మా ఊళ్ళో అందరూ వేసేది అంతే అని నేనైతే సమర్థించుకోను. రెండేళ్ళ కింద బత్తాయి సీజన్‌లో లోడు వేస్తే వెనక మరీ కూర్చుంటోందని కమాన్ కట్టలో (వెనక ఇరుసు మీద బరువు మోసే ఇనుప పట్టీల దొంతర) ఒక్కో వైపు రెండేసి పట్టీలు ఎక్కించాం. బండి ఒడ్డూపొడుగూ పెరిగినట్టు ఠీవిగా కనిపించింది, బామ్మర్ది ఫొటో కూడా తీసి పెట్టుకున్నాడు. కథ అక్కడే మొదలైందని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. బండితో వచ్చిన షాకప్సర్లు 80 వేల కిలోమీటర్లు తిరిగాయి, పట్టీలు ఎక్కించాక వేసిన జత ఏడాదికి పోయింది, ఆ తర్వాత జత ఎనిమిది నెలలకు. ప్రతిసారీ సరుకు బాగాలేదనుకున్నాం, అమ్మినవాణ్ణి తిట్టుకున్నాం, ఇంకో షాపుకు పోయి ఇంకో రకం కొన్నాం.

కొండమల్లేపల్లి దగ్గర సాగర్ రోడ్డు వదిలేసి దేవరకొండలో ఆగాం. ఖిల్లా గుట్టల మీద ఇంకా మంచు కమ్ముకునే ఉంది, చాయ్ హోటల్ దగ్గర కూర్చుంటే చలికి లేవబుద్ధి కాలేదు. లేచి బండి కిందికి దూరి రెండు షాకప్సర్ల మీదా చెయ్యి పెట్టి చూశాను. ఈ పరీక్ష ఎవరైనా చేసుకోవచ్చు. గతుకుల్లో ఓ గంట తిరిగాక పని చేసే షాకప్సర్ వేడిగా ఉంటుంది, ఎందుకంటే దాని పనే బండి ఊపును లోపలి ఆయిల్లో వేడి కింద మార్చడం (సైలెన్సర్ పక్కన ఉంటే మాత్రం చెయ్యి చూసి పెట్టండి). ఎడమది వేడిగా ఉంది. కుడిది చల్లగా, పొద్దున్నే బోరు పంపు మీద చెయ్యి పెట్టినట్టు ఉంది. దాని ఒంటి నిండా ఆయిల్, ఆ ఆయిల్ మీద దుమ్ము ముద్దలు కట్టి ఉంది. రాడ్ దగ్గర పలచగా తడి కనబడితే కంగారు పడక్కర్లేదు కానీ ఇలా కారి ముద్ద కట్టిందంటే అయిపోయినట్టే.

కొట్ర, కల్వకుర్తి మీదుగా జడ్చర్ల చేరేసరికి పదకొండు. బస్తాలు దించాక అసలు భయం మొదలైంది. లోడుతో ఉన్నప్పుడు ఊగిన బండి ఖాళీ అయ్యాక ఎగరడం మొదలుపెట్టింది, స్పీడ్ బ్రేకర్ దాటితే వెనక టైర్లు నేలను వదిలేసి ఒకటికి రెండుసార్లు దూకుతున్నాయి, ఆ సమయంలో బ్రేక్ కొడితే ఆగేదెట్లా? టైర్ల మీద చెయ్యి వేస్తే అంచున అక్కడక్కడా గుంటలు గుంటలుగా అరిగి ఉంది. ఇట్లా దేవరకొండ దాకా వెనక్కి పోలేమని మెల్లగా మహబూబ్‌నగర్ పట్టాం.

మొదటి షాపులో సేటు మందపాటి పసుపు రంగు జత కౌంటర్ మీద పెట్టి, "హెవీ డ్యూటీ అన్నా, ఇవి వేస్తే మూడు టన్నులైనా ఏం గాదు" అన్నాడు. అంత తెలివిగా లేకపోయినా ఈ ఒక్క సంగతి నాకు తెలుసు: మామూలు షాకప్సర్ బరువు మోయదు. బరువు మోసేవి కమాన్ పట్టీలు, అవి ఊగకుండా పట్టి ఆపేది షాకప్సర్. ఎంత లావుది వేసినా బండి లోడు ఒక్క బస్తా కూడా పెరగదు. రెండో షాపు కుర్రాడు చదువుకున్నవాడు, ఓపికగా చెప్పాడు. అతని దగ్గర గేబ్రియల్, మన్రో రెండూ ఉన్నాయి, వీటితో పాటు ఒక ఫారిన్ మోనోట్యూబ్ గ్యాస్ రకం ఉంది, ధర వింటే బామ్మర్ది దగ్గాడు. మోనోట్యూబ్‌లో ఒకటే గొట్టం, పిస్టన్ దాంట్లోనే ఆడుతుంది, నైట్రోజన్ గ్యాస్ వేరే గదిలో ఒత్తిడితో ఉంటుంది కాబట్టి ఆయిల్ నురగ రాదు, వేడి కూడా తొందరగా బయటికి పోతుంది. కొత్తదేమీ కాదు, 1957లోనే బిల్‌స్టైన్ వాళ్ళు మెర్సిడెస్ కార్లకు ఇచ్చారట. నాకు మనసైంది. కానీ కుర్రాడే "మీరు తోటల్లోకి, మట్టి దారుల్లోకి పోతారా అన్నా?" అని అడిగాడు. ఎందుకంటే ఆ ఒక్క గొట్టానికి బయట రాయి తగిలి సొట్ట పడితే లోపల పిస్టన్ ఇరుక్కుంటుంది. మామూలుగా వాడే ట్విన్ ట్యూబ్‌లో ఒకదాంట్లో ఒకటి రెండు గొట్టాలు, బయట గొట్టం సొట్టపోయినా లోపలి గొట్టం బతుకుతుంది. అమ్ముకునేవాడు ఖరీదైనది వద్దని చెప్పడం ఎప్పుడో గానీ చూడం, అందుకే అతను చెప్పిన మెకానిక్ చాచా దగ్గరికి బండి తీసుకుపోయాం.

చాచాకు అరవై దాటి ఉంటాయి. నేను బ్రాండ్లు చెప్పబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి, "పహ్లే టేపు" (ముందు టేపు) అన్నాడు. బండిని చదునుగా నిలబెట్టి, షాకప్సర్‌ను బిగించే రబ్బరు బుష్‌లలో పైదాన్నుంచి కిందిదాని దాకా కొలిచాడు: ఇరవైన్నర అంగుళాలు. పాత షాకప్సర్ ఊడదీసి పూర్తిగా లాగి కొలిచాడు: 22. పూర్తిగా నొక్కితే 14. ఆయన ఇంకేమీ చెప్పకముందే నాకు ఒళ్ళు జల్లుమంది. ఎనిమిది అంగుళాలు ఆడాల్సిన షాకప్సర్ ఖాళీ బండికే దాదాపు చివరికి సాగి ఉంది, మిగిలింది ఒకటిన్నర. టైరు ఒక గుంటలోకి దిగగానే రాడ్ చివరికంటా లాగబడి లోపల టక్కున కొట్టుకుంటుంది, సీలు పగిలి ఆయిల్ కారుతుంది. "షాకప్సర్ తప్పు కాదు బేటా, మీరెక్కించిన పట్టీలది. బండిని లేపిన్రు, దీన్ని గుంజిన్రు. పైగా ఎక్కువ పట్టీలుంటే పైకి తన్నే జోరు కూడా ఎక్కువే గదా, దాన్ని ఆపేది ఈ బిచ్చమెత్తే ముసలోడా?" అని ఆ కారుతున్న షాకప్సర్‌ను నేల మీద పడేశాడు.

పొడుగు షాకప్సర్ వేయొచ్చు కదా అని అడిగాను. వేయొచ్చట, కానీ పొడుగుది నొక్కితే కూడా పొడుగే, లోడు పడి కమాన్ రబ్బరు స్టాపర్‌కు తగిలేలోపే షాకప్సర్ అడుగుకు తగలకుండా లెక్క కుదరాలి, ఒకవేళ కుదిరినా అది వేరే బండి బరువుకు తగ్గట్టు వాల్వ్ పెట్టిన సరుకు, దాంతో మన బండి ఎట్లా నడుస్తుందో ఎవరూ పూచీ పడరు. మిగిలింది పట్టీలు తీయడమే. బామ్మర్ది మొహం వాడిపోయింది. రెండూ తీయమని చాచా, ఒక్కటీ వద్దని వాడు, చివరికి ఒక్కో వైపు ఒక్కటి తీయడానికి ఒప్పందం కుదిరింది. సాయంత్రం నాలుగింటికి రమ్మన్నాడు.

ఆ మధ్యలో ఆటో ఎక్కి పిల్లలమర్రికి పోయాం. చిన్నప్పుడు ఊడలు పట్టుకుని వేలాడిన చెట్టు, మధ్యలో చెదలు పట్టి కొమ్మ విరిగితే 2018లో సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించిన చెట్టు అదే. కొమ్మల కింద నిలబెట్టిన ఆసరా స్తంభాలను చూస్తూ బామ్మర్ది "దీనికి కూడా పట్టీలు ఎక్కించిన్రు బావా" అన్నాడు. పొద్దుట్నుంచి వాడు నవ్వింది అప్పుడే.

తిరిగి వచ్చేసరికి కొత్త జత సిద్ధంగా ఉంది. మామూలు సైజు ట్విన్ ట్యూబే, గ్యాస్ నింపింది, రెండో షాపు కుర్రాడి దగ్గరే బిల్లుతో తెచ్చాం, మూడు వేల చిల్లర. ఒకటే పోయినా జత మార్చాలన్నాడు చాచా, ఒక పక్క కొత్తది ఒక పక్క పాతది ఉంటే బ్రేక్ కొట్టినప్పుడు, వంపు తిరిగినప్పుడు బండి వెనక ఒక్కో పక్క ఒక్కోలా పోతుంది. బిగించే ముందు ఒక్కోదాన్ని నిలువుగా పట్టుకుని నాలుగైదుసార్లు మెల్లగా నొక్కి వదిలాడు, షాపులో పడుకోబెట్టి ఉంచితే లోపల ఆయిల్లోకి గ్యాస్ చేరుతుంది, అది పైకి పోవాలి. నాకు అన్నిటికంటే నచ్చింది చివరి పని. బోల్టులు వదులుగా ఎక్కించి, జాకీ దించి, బండి నాలుగు టైర్ల మీద నిలబడ్డాకే గట్టిగా బిగించాడు. గాల్లో ఉన్నప్పుడే బిగిస్తే బండి దిగాక బుష్ రబ్బరు ఎప్పటికీ మెలితిరిగే ఉంటుంది, తొందరగా చీలిపోతుంది. ఇప్పటిదాకా మాకు వేసినవాళ్ళందరూ జాకీ మీదే బిగించారని అప్పుడు గుర్తొచ్చింది. మళ్ళీ టేపు పెట్టాడు: 19 అంగుళాలు. రెండు వారాలయ్యాక కమాన్ కట్టను ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులు ఇంకోసారి బిగించుకోమన్నాడు.

హాలియా దగ్గర కల్వర్టు వచ్చేసరికి రాత్రి పది దాటింది. బండి దిగింది, ఎక్కింది, ఒక్కసారి ఊగి నిలబడింది. తీసేసిన రెండు పట్టీలు మాత్రం వెనక ట్రాలీలో ఇంటిదాకా గణగణ కొట్టుకుంటూనే వచ్చాయి. ఇప్పుడు గొడ్ల కొట్టం గోడకు ఆనించి ఉన్నాయి. పాత ఇనుప సామాన్లవాడు వచ్చినప్పుడల్లా నేను తూకం వేయమంటాను, బామ్మర్ది అడ్డుపడతాడు. "ఉండనీ బావా, బత్తాయి సీజన్ వస్తున్నది గదా."