లారీ రాకముందే మాట్లాడాలి

కర్నూలు జిల్లా కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయం మండలాల్లో పనిచేసిన ఉపాధ్యాయులకు ఇది కొత్త సంగతి కాదు. పత్తి తీతలు అయిపోయాక ఊళ్లో పని ఉండదు. గుంటూరు, పల్నాడు మిరప చేలకు మేస్త్రీలు కూలీలను కుదుర్చుకుంటారు. ఒక రాత్రి లారీ వస్తుంది. తెల్లారేసరికి వీధిలో సగం ఇళ్లకు తాళాలు పడతాయి, నా నాలుగో తరగతిలో సగం పిల్లలు ఉండరు. వాళ్లు ఉగాదికి తిరిగి వచ్చేసరికి భిన్నాల పాఠం ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

‘ఈ తల్లిదండ్రులకు చదువంటే పట్టదు’ అని తోటివాళ్లు అంటుంటారు. నేను ఒప్పుకోను. కిలోల లెక్కన కూలి ఇచ్చే చోట పదేళ్ల పిల్ల కోసిన కాయలు కూడా తూకానికి వస్తాయి, నిజమే. కానీ పిల్లలను ఎందుకు వెంట తీసుకెళ్తున్నారని అడిగితే తల్లులు ముందుగా చెప్పేది కూలి గురించి కాదు. రాత్రి అన్నం ఎవరు పెడతారు? జ్వరమొస్తే ఎవరు చూస్తారు? మధ్యాహ్న భోజనం బడిలో దొరుకుతుంది. రాత్రి మాటేమిటి? వలస కుటుంబాల పిల్లల కోసం సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద నడిపే సీజనల్ హాస్టళ్లు అందుకే ఉన్నాయి. అయితే ఆ సంగతి మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకోకముందే ఇంట్లో తెలియాలి. డబ్బు చేతిలో పడ్డాక ఎంతమంది బయలుదేరాలో తేలిపోతుంది. ఆ తర్వాత మేము వెళ్లి ఎంత చెప్పినా వాళ్లకు దారి ఉండదు.

అందుకే మా బడి యాజమాన్య కమిటీ సమావేశం దసరా సెలవులు కాగానే, చేల నుంచి అందరూ ఇల్లు చేరాక, గుడి అరుగు మీద పెడుతున్నాం. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. ఎంతో మంచి నియమం. పగలు పదకొండింటికి సమావేశం పెట్టి, రాని వారి ఇంటికి పుస్తకం పంపి వేలిముద్ర వేయించుకుంటే మాత్రం ఆ నియమం కాగితం మీదే ఉండిపోతుంది. పైగా మా సభ్యుల్లోనే చాలామంది శీతాకాలమంతా ఊళ్లో ఉండరు. అందుకని వలస వెళ్లే ప్రతి ఇంటి నుంచీ అవ్వనో తాతనో సమావేశానికి పిలుస్తున్నాం.

2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతటా ఒకే రోజు తల్లిదండ్రుల మెగా సమావేశం జరిగినప్పుడు మా బడి కుర్చీల్లో కూర్చున్నది ఎక్కువగా ఈ అవ్వలే. వాళ్లలో ఒకావిడ, ‘మనవరాలు ఇంట్లో పైకి చదువుతుంది మేడం, తప్పో ఒప్పో నాకెలా తెలుస్తుంది?’ అని అడిగింది. ‘గడగడా చదువుతోందా, మధ్యలో నీళ్లు నములుతోందా, అది చూడవ్వా. ఆగిన చోట గీత పెట్టమను, పొద్దున నేను చూస్తాను’ అన్నాను. ఆ పిల్ల పుస్తకంలో పెన్సిల్ గీతలే నాకు ఆ ఏడాది దొరికిన అన్నిటికంటే నమ్మకమైన ప్రగతి పత్రం.

మేస్త్రీలను కూడా పిలిచాం. ఇది కొందరు ఉపాధ్యాయులకు నచ్చలేదు. ఊరి వలసంతా ఎవరి చేతుల మీదుగా సాగుతోందో ఆ మనిషిని పక్కన పెట్టి బడి ఎవరితో మాట్లాడుతుంది? ఒక మేస్త్రీ తన ముఠాలో పిల్లలను పనికి లెక్కకట్టనని పెద్దల ముందు ఒప్పుకున్నాడు. సాయంత్రం తన ఫోనులోనే తల్లులు పిల్లలతో మాట్లాడేలా చూస్తున్నాడు. మిగతావాళ్లు ఇంకా ఒప్పుకోలేదు. వాళ్లను అడగడం మానం.

ఇంత చేసినా కొందరు పిల్లలు లారీ ఎక్కుతారు. వాళ్ల సంచిలో పాఠ్యపుస్తకాలతో పాటు, ఏ పాఠం దాకా వచ్చారో రాసిన ఉత్తరం పెడుతున్నాం. పల్నాడు, గుంటూరు ఉపాధ్యాయులారా, మీ ఊరి మిరప చేల పక్కన గుడారాలు కనిపిస్తే ఒకసారి వెళ్లి ఆ ఉత్తరం అడగండి. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండటం చట్టం ఒప్పుకోదు. మా పిల్లల్లో కొందరు ఇంట్లో కన్నడం మాట్లాడతారు. మొదటి వారం నోరు విప్పకపోతే చదువు రాదని వెనక బెంచీలో కూర్చోబెట్టకండి.