పొగ పట్టిన గింజ

గ్లాస్గోలో ఒక హోటల్ బార్‌లో పనిచేస్తున్నాను. చేరిన మొదటి నెలలో మేనేజర్ నా ముందు లఫ్రోయిగ్ 10 అనే పదేళ్ల స్కాచ్ విస్కీ పోసి, వాసన చూసి చెప్పమన్నాడు. ముక్కు దగ్గర పెట్టగానే ఆసుపత్రి వార్డు గుర్తొచ్చింది. టించరు, డెట్టాల్, కాలిన తాడు. వాటి వెనకాల నాకు బాగా తెలిసిన వాసన ఇంకోటి ఉంది, అదేంటో మాత్రం చెప్పలేకపోయాను. షిఫ్ట్ అయ్యాక బస్సులో కూర్చుంటే తట్టింది. పొగాకు బ్యారన్, పచ్చి ఆకుని వేడితో ఆరబెట్టే గది.

మాది కందుకూరు దగ్గర పల్లె. బ్యారన్ కాల్చే రోజుల్లో నాన్నకి రాత్రిళ్లు నిద్ర ఉండేది కాదు. పొయ్యిలో కట్టెలు మండుతుంటే వేడి ఇనుప గొట్టాల్లో లోపలంతా తిరగాలి, పొగ మాత్రం చిమ్నీలోంచి బయటికే పోవాలి. ఏ గొట్టానికో కంత పడి పొగ లోపలికొచ్చిందంటే ఆకుకి పొగ వాసన పట్టేస్తుంది. వేలం కేంద్రంలో ఆ బేలు నోబిడ్, ఎవరూ పాట పాడరు. ఆ టెన్షన్‌తో ఆయన టార్చిలైటు పట్టుకుని గంటగంటకీ లేచి గొట్టాలు చూసుకునేవాడు.

నిరుడు సెలవు పెట్టి లఫ్రోయిగ్ తయారయ్యే ఐలా దీవికి వెళ్లాను. కెన్నక్రేగ్ నుంచి ఫెర్రీలో దాదాపు రెండు గంటలు. లఫ్రోయిగ్‌లో విస్కీకి వాడే బార్లీలో కొంత ఇప్పటికీ నేలమీదే పరిచి మొలకెత్తిస్తారు. ఆ మొలకల్ని తడిగా ఉండగానే చిల్లుల పలక మీద పోసి కింద పీట్ రాజేస్తారు. బురద నేలల్లో వేల ఏళ్లుగా పూర్తిగా కుళ్లకుండా పేరుకున్న నాచూ గడ్డీ పీట్. ఇటుకల్లా కోసి ఆరబెడతారు. పొయ్యిలో మంట పైకి లేవనివ్వరు, వాళ్లకి కావాల్సింది పొగ. తడి గింజకే పొగ బాగా పడుతుంది. నాన్న ఏ పొగ తగలకూడదని రాత్రంతా కాపలా కాశాడో ఆ పొగనే గింజకి పట్టించడం చూస్తూ ఆ పొయ్యి ముందు చాలాసేపు నిలబడిపోయాను.

బార్‌కి వచ్చేవాళ్లు పీపీఎం ఎంత అని అడుగుతారు, అంటే పొగ వాసననిచ్చే ఫినాల్స్ పదిలక్షల పాళ్లలో ఎన్ని పాళ్లని. ఐలా విస్కీలే అయిన ఆర్డ్‌బెగ్‌కి 50 పైన, లాగవూలిన్‌కి 35 దాకా చెబుతారు. అది బార్లీలో కొలిచిన లెక్క. బట్టీలోనూ, పీపాలో గడిచిన ఏళ్లలోనూ చాలా భాగం తగ్గిపోతుంది. అందుకే ఆ అంకె చూసి సరుకుని తూచకూడదు.

నాకు లాగవూలిన్ 16 అన్నిటికంటే మేలు. ఆల్కహాల్ 43 శాతం. ముందు నీళ్లు కలపకుండా చిన్న గుక్క తీసుకుని నాలుక మీద ఉంచాలి. అడుగంటబోతున్న బెల్లం పాకం తీపి మొదట తెలుస్తుంది. పొగ తర్వాత మెల్లగా లేస్తుంది, చివర్లో ఉప్పు. నాలుగు చుక్కల నీళ్లు వేస్తే తీపి ఇంకా విచ్చుకుంటుంది. లఫ్రోయిగ్ 10లో ముందుకొచ్చేది పొగే, ఇక్కడ అమ్మే 40 శాతం సీసా గొంతు దిగాక నాకు కాస్త పలచగా అనిపిస్తుంది. ఆర్డ్‌బెగ్ 10 బలమైనదే, 46 శాతం, నిమ్మతొక్క ఘాటు ఉంటుంది. కానీ గింజ తీపి పొగ కింద నలిగిపోకుండా నిలిచింది లాగవూలిన్‌లోనే.

ఇదంతా ఫోన్లో చెబితే నాన్న నమ్మలేదు.

"పొగ పట్టిన సరుకుని ఎవరు కొంటార్రా?"

"దానికోసమే కొంటారు నాన్నా. ధర కూడా ఎక్కువే."

ఆయన కాసేపు మాట్లాడలేదు. జీవితంలో మందు ముట్టని మనిషి. "ఈసారి వచ్చేటప్పుడు ఒక సీసా పట్టుకురా. తాగను, వాసన చూస్తా. ఏ గ్రేడో నేను చెబుతాగా" అన్నాడు.