పాత మిలటరీ సామాను: ధర ఎక్కువైతే అన్యాయమేనా?

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ఎం1 హెల్మెట్లు రెండు కోట్లకు పైగానే తయారయ్యాయి. అన్ని చేశాక కూడా ధర ఇలా పెరుగుతోందేమిటని సేకరణలోకి కొత్తగా వచ్చినవాళ్లు అడుగుతుంటారు. హెల్మెట్ పైనుండే ఉక్కు డొప్పలు నిజంగానే ఇంకా బోలెడున్నాయి. కాకపోతే చాలావాటికి తర్వాతి దశాబ్దాల్లో మళ్లీ రంగేసి, కొత్త గడ్డం పట్టీలు కుట్టి, కొత్త లైనర్ (డొప్ప లోపల ఇమిడే తేలికపాటి టోపీ) పెట్టి సైన్యమే వాడుకుంది. 1943లో సైనికుడి చేతికిచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే మిగిలినవి తక్కువ. ధర ఎక్కింది వాటికే. దాని మీద ఫిర్యాదు చేసి లాభం లేదు. అలా మార్చినదాన్ని మారనిదాని ధరకి అంటగట్టడమే అసలు అన్యాయం.

"మార్కెట్ ధర" అని ఒక్క అంకె ఉండదు. వేలంలో వందకి సుత్తి పడిందనుకోండి. కొన్నవాడు దాని మీద కొనుగోలు కమీషన్ కట్టాలి. చాలా వేలం సంస్థల్లో అది 20 నుంచి 30 శాతం, పన్ను, రవాణా అదనం. అమ్మినవాడి కమీషన్ కూడా పోతే అతని చేతికి ఎనభై చిల్లర వస్తుంది. ఒకరు 85 అంటారు, ఒకరు 100, ఇంకొకరు 130. ముగ్గురూ చెప్పేది నిజమే. పోల్చేటప్పుడు అన్నీ ఒకే రకం అంకెలేనా అని చూసుకోవాలి. ఆన్‌లైన్‌లో అడుగుతున్న ధరల్ని అసలు లెక్కలోకే తీసుకోకూడదు, అమ్ముడైనవాటినే చూడాలి. అందులోనూ బేరమాడి కొన్నచోట కనిపించే అంకె అసలు చెల్లించిన దానికంటే ఎక్కువ ఉండొచ్చు. అదే వస్తువు అవే ఫొటోలతో రెండు వారాలకే మళ్లీ అమ్మకానికొస్తే మొదటి అమ్మకం జరగకపోయి ఉండొచ్చు. గత ఏడాదిలో అదే రకం, అదే స్థితిలో ఉన్నవి ఐదారు పట్టుకుని, పైదీ కిందిదీ తీసేస్తే మిగిలేది నమ్మదగ్గ శ్రేణి.

ఇక వస్తువు దగ్గరికి. ఎం1 డొప్ప హాడ్‌ఫీల్డ్ మాంగనీస్ ఉక్కుతో చేసింది, దానికి అయస్కాంతం గట్టిగా అంటుకోదు. యుద్ధం తర్వాత యూరప్‌లో చేసిన నకళ్లు చాలావరకు మామూలు ఉక్కు, వాటికి టక్కున అతుక్కుంటుంది. పరీక్ష పట్టీ బకిల్ మీద కాదు, డొప్ప మీద చెయ్యాలి. తర్వాత అంచు చుట్టూ ఉన్న రేకు అతుకు చూడండి. మొదట్లో అది ముందువైపు ఉండేది, 1944 చివరి ప్రాంతంలో వెనక్కి మారింది. పట్టీ తగిలించే లూపులు మొదట కదలకుండా వెల్డ్ చేసి ఉండేవి, 1943లో కదిలే రకం వచ్చింది. కాబట్టి వెనక అతుకుతో కదలని లూపులు కనిపిస్తే అది ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రూపం కాకపోవచ్చు. ముందు అంచు లోపల హీట్ నంబరు, అంటే ఉక్కు ఏ విడతదో చెప్పే అంకె, ఉంటుంది. తయారీదారుల్లో ఒకటైన ష్లూటర్ కంపెనీ డొప్పల్లో దానితోపాటు ఎస్ అక్షరం ఉంటుంది. యుద్ధకాలపు లైనర్ నుదుటి భాగంలో చిహ్నం తగిలించడానికి చిన్న రంధ్రం ఉండాలి. 1960ల లైనర్లకి అది ఉండదు. అలాంటి లైనర్‌ని 1942 డొప్పలో పెట్టి "పూర్తి సెట్" అని రాస్తే సగం మాటే నిజం.

పెద్ద డబ్బు మారేది పారాట్రూపర్ల (పారాచూట్‌తో దిగే సైనికుల) హెల్మెట్ ఎం2 దగ్గర. దాని లూపులు ఆంగ్ల డి అక్షరం ఆకారంలో ఉంటాయి. మామూలు డొప్ప లూపులు కోసేసి డి లూపులు వెల్డ్ చేస్తే ధర ఎన్నో రెట్లవుతుంది, దొంగ పని అంతా అక్కడే. లూపు చుట్టూ లోపలివైపు రంగు కాలిందా, సానబట్టిన గీతలున్నాయా, ఆ ఒక్క చోటే రంగు కొత్తగా ఉందా అని టార్చి పక్కనుంచి వేసి చూడాలి. దారాలకి, బట్టకి అల్ట్రావయొలెట్ లైటు పనికొస్తుంది: తెల్లగా, నీలంగా మెరిసే రసాయనాలు యుద్ధం తర్వాతే విరివిగా వాడుకలోకి వచ్చాయి. కానీ అసలు బట్టని ఈకాలపు సబ్బుపొడితో ఉతికినా మెరుస్తుంది. మెరవని కొత్త నూలు దారమూ దొరుకుతుంది. ఈ లైటునే నమ్ముకుని తీర్పు చెప్పేవాళ్ల మాట పెద్దగా పట్టించుకోనక్కర్లేదు.

విడిభాగాలతో కూర్చిన సెట్ పాపమేమీ కాదు. డొప్ప అసలుది, లైనర్ అసలుది, పట్టీ కొత్తగా కుట్టింది అని రాసి, విడివిడి ధరల మొత్తానికి అమ్మితే న్యాయమే. పుట్టుకనుంచీ కలిసున్న సెట్టుకి ఇచ్చే అదనం దీనికి అడగకూడదు, అంతే. జీపుల్లో గొడవ ఇంకో రకం. యుద్ధకాలపు జీపుల్ని విల్లీస్ (ఎంబీ రకం), ఫోర్డ్ (జీపీడబ్ల్యూ రకం) కంపెనీలు చేశాయి. ఫోర్డ్ జీపీడబ్ల్యూలో బోల్టుల మీద కూడా ఎఫ్ అక్షరం ఉంటుంది. అలాంటి బోల్టులు, బ్రాకెట్లు విడిగా అమ్మితే ఒక్కోసారి బండికంటే ఎక్కువ వస్తుంది, అందుకే బాగు చెయ్యగల బళ్లు ముక్కలైపోతున్నాయి. కొనేముందు ఛాసిస్ ముందు అడ్డకమ్మీ చూడండి. గుండ్రటి గొట్టమైతే విల్లీస్ ఎంబీ, తిరగేసిన యు ఆకారమైతే ఫోర్డ్. ఇంజను మీద, ప్లేటు మీద ఏం రాసున్నా ఛాసిస్ చెప్పేదే వినాలి.

సైనికుడి కుటుంబం పెట్టె తెచ్చి "ఎంతిస్తారు?" అన్నప్పుడు మన న్యాయం ఎంతో తేలిపోతుంది. వాళ్లకి ధర తెలియదు, మనకి తెలుసు. అమ్ముడయ్యే శ్రేణి ముందు చెప్పాలి, తర్వాత మనం ఇవ్వగలిగింది చెప్పాలి, తేడా ఎందుకో చెప్పాలి. మళ్లీ అమ్ముకునే వ్యాపారి అందులో సగమో, పదింట ఆరు పాళ్లో ఇవ్వడం తప్పు కాదు. అతని డబ్బు నెలల తరబడి ఇరుక్కుంటుంది. తనకోసం దాచుకునేవాడు అదే సగం ఇస్తే మాత్రం వ్యాపారి లాభాన్ని వ్యాపారి కష్టం లేకుండా జేబులో వేసుకున్నట్టే. ఖరీదైనవి నాలుగైదుంటే కమీషన్ మీద అమ్మిపెట్టడం వాళ్లకి మేలు. పేరు, ఉత్తరాలు, ఫొటోలు ఉన్న మూటని విడదియ్యకండి. ఒకసారి విడిపోతే ఆ హెల్మెట్ ఎవరిదో మళ్లీ నిరూపించలేం.

అమ్మేవాడు దాచకూడని ప్రమాదాలు రెండున్నాయి. పాత దిక్సూచులు, మీటర్ల డయళ్ల మీద రేడియం రంగు ఉండొచ్చు. చీకట్లో వెలగడం మానేసినా దాని అర్ధాయువు దాదాపు 1600 ఏళ్లు, గీకితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. యుద్ధకాలపు బ్రిటిష్ గ్యాస్ మాస్కుల ఫిల్టర్లలో ఆస్బెస్టాస్ ఉంది, ముఖానికి పెట్టుకుని ఫొటోలు దిగడం వద్దు.

భూమిలోంచి తవ్వి తీసినవాటిలో జర్మన్ సైనికుల గుర్తింపు బిళ్లలు ధర ఎంతైనా కొనకండి. ఆ బిళ్ల మధ్యలో విరిచేలా గాట్లుంటాయి: సైనికుడు చనిపోతే ఒక సగం రికార్డు కోసం విరిచి తీసుకెళ్లాలి, రెండో సగం శవం దగ్గరే ఉండాలి. విరగని బిళ్ల ఎముకల పక్కన దొరికిందంటే, ఆ మనిషి మరణం ఎక్కడా నమోదు కాకపోయి ఉండొచ్చు. అతను ఎవరో చెప్పే ఆధారం అదొక్కటే కావచ్చు. అమ్మకంలో కనిపిస్తే బిళ్ల మీది అక్షరాలు, అంకెలు, దొరికిన చోటు రాసుకుని జర్మన్ యుద్ధ సమాధుల సంస్థ ఫోల్క్స్‌బుండ్‌కి పంపండి.