గీటు పెట్టని బంగారం

దుబాయ్‌లో మా పని ఉదయం తూకంతో మొదలై సాయంత్రం తూకంతో ముగుస్తుంది. చేతికిచ్చిన బంగారం ఎంత, నగలో చేరింది ఎంత, ఆకురాయి కింద రాలిన రజను ఎంత, అన్నీ మిల్లీగ్రాములతో సహా కలవాలి. చేతులు కడుక్కున్న నీళ్లు కూడా వేరే తొట్టిలోకి పోతాయి. అడుగున చేరిన మడ్డిని కాల్చి అందులోంచీ బంగారం తీస్తారు. పద్నాలుగేళ్లుగా ఇంతే. ఇది నాకు అవమానంగా ఎప్పుడూ తోచలేదు. అమలాపురం దగ్గర మా ఊళ్లో నాన్న కూడా కొబ్బరిచిప్పల బొగ్గు కుంపటి చల్లారాక ఆ బూడిదను గాలించేవారు. తరుగు లెక్క చెప్పలేని కంసాలికి రెండో నగ ఎవరిస్తారు?

2017 అక్టోబరులో ఒక ఉదయం, నా పక్క బల్ల మీద పనిచేసే మలయాళీ మిత్రుడు ఫోనులో వార్త చదివి పెద్దగా నవ్వాడు. ఆకాశంలో రెండు నక్షత్రాలు ఢీకొని భూమి కంటే ఎక్కువ బరువున్న బంగారం పుట్టిందట, ఇక గ్రాము ధర పడిపోతుందా అని అడిగాడు. ధర పడలేదు. ఆ వార్త మాత్రం నన్ను వదల్లేదు.

అది జరిగినట్టు తెలిసింది 2017 ఆగస్టు 17న, దుబాయ్ సమయం ప్రకారం సాయంత్రం 4 గంటల 41 నిమిషాలకు. గురువారం. మరునాటి సెలవు తలచుకుంటూ నేను ఏ గాజుకో టంకం పెడుతూ ఉండి ఉంటాను. 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, చచ్చిపోయిన పెద్ద నక్షత్రాల ముద్దలైన రెండు న్యూట్రాన్ తారలు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి తిరిగి కలిసిపోయిన కుదుపు, అప్పటికి మన దాకా వచ్చింది. ఆకాశం నుంచి వచ్చే ఇలాంటి కుదుపులను పసిగట్టడానికే కట్టిన అమెరికాలోని లైగో, ఇటలీలోని విర్గో పరికరాలు దాన్ని పట్టుకున్నాయి. రెండు సెకన్లలోపే గామా కిరణాల మెరుపు కూడా కనిపించింది.

మొన్న మే నెలలో సెలవుకు వచ్చినప్పుడు ఇదంతా నాన్నకు చెప్పాను. కాలువలు కట్టేసిన రోజులు. రాత్రి తొమ్మిదికి కరెంటు పోతే వాకిట్లో మంచాలు వేసుకున్నాం. కొబ్బరి మట్టల సందున దక్షిణాన హస్త, చిత్త కనిపిస్తున్నాయి. వాటిని కార్తెలుగా, వానలుగా ఎరిగిన మనిషి ఆయన. ఆ రెండింటికీ కాస్త దిగువన, కంటికి ఆనని ఒక గెలాక్సీలో ఆ సంగతి జరిగిందని చూపించాను.

"నిప్పు ఎంత రాజేస్తే బంగారం పుడుతుందిరా?" అన్నారు. 1064 డిగ్రీలకు బంగారం కరుగుతుందన్నది ఊదుగొట్టంతో నేర్చుకున్న చేయి అది.

నిప్పుతో పుట్టదని చెప్పాను. పెద్ద నక్షత్రం కడుపులో హైడ్రోజన్ హీలియంగా, తరువాత కార్బన్, ఆక్సిజన్, సిలికాన్‌గా మారుతూ మెట్టుమెట్టుకూ వేడినిస్తుంది. ఇనుము దగ్గర ఆ బేరం తిరగబడుతుంది. దాన్ని కలిపితే వేడి రాదు సరికదా, ఎదురు ఖర్చవుతుంది. మంట ఆసరా లేని ఇనుప గుండె సెకను కంటే తక్కువ సమయంలో కూలిపోతుంది, పైపొరలు పేలిపోతాయి. "అయితే నిప్పు పని కమ్మరితో సరి" అన్నారు నాన్న. అంతకంటే బాగా నేను చెప్పలేను.

ఆ పేలుడు తరువాత మిగిలిన ముద్దే న్యూట్రాన్ తార. ఇరవై కిలోమీటర్ల వెడల్పులో సూర్యుణ్ణి మించిన బరువు. అలాంటివి రెండు కలిసినప్పుడు చిమ్మిన పదార్థంలో న్యూట్రాన్లు ఊపిరాడనివ్వకుండా పరమాణు కేంద్రాల్లో చొరబడతాయి. తరువాత వాటిలో కొన్ని ప్రోటాన్లుగా మారతాయి. అలా ఎక్కుతూ ఎక్కుతూ 79 ప్రోటాన్లయితే బంగారం. ఇలా న్యూట్రాన్లు వేగంగా చేరే దారి ఉండాలని 1957లోనే బర్బిడ్జ్ దంపతులు, ఫౌలర్, హోయల్ అనే శాస్త్రవేత్తలు రాశారు. కొన్ని అరుదైన నక్షత్ర పేలుళ్లలోనూ ఇది జరగవచ్చంటారు.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అసలు ప్రశ్న వేశారు: "గీటు పెట్టి చూశారా?"

ఇదే నాకు నచ్చిన చోటు. నక్షత్రం వెలుగును రంగులుగా విడదీసి, ఒక్కో మూలకం అందులో వదిలే గీతను చూడడమే వాళ్ల గీటురాయి. ఆ రెండు తారలు కలిసిన చోట కనిపించిన వెలుగు మొదట నీలంగా ఉండి, కొద్ది రోజుల్లో ఎర్రబడింది. బరువైన మూలకాలు పుడితే అలాగే ఉండాలని ముందే లెక్క వేసి ఉంచారు. 2019లో ఆ వెలుగులోనే స్ట్రాన్షియం అనే, ఇనుము కంటే బరువైన మూలకం జాడ దొరికింది. బంగారం గీత మాత్రం విడిగా కనిపించలేదు. అది లెక్కలో తేలిన బంగారం. నాన్నకు ఇది పూర్తిగా రుచించలేదు. గీటు పడనిదాన్ని ఆయన ఏనాడూ తూకం వేయలేదు.

"సరే, తరుగు ఎంత పోయింది?"

రెండు తారల మొత్తం బరువులో బయటికి చిమ్మింది నూటికి సుమారు రెండు పాళ్లని అంచనా. బంగారం పుట్టిందల్లా ఆ రాలిన దాంట్లోనే. మిగిలినదంతా లోపలే ముద్దయిపోయింది.

"రెండేనా?" అని నాన్న మంచం మీద లేచి కూర్చున్నారు. "పనివాడు గట్టివాడే. నాకు ఏ గొలుసుకూ అంత తక్కువలో తేలలేదు."